లేఖనం ఏ మేరకు తప్పులేనిది? రెండు వైఖరులలో ఏది మేలు?

బైబిలు దేవుని వాక్యమని మనసారా నమ్మే క్రైస్తవులలోనే, దాని విశ్వసనీయత ఎంతవరకు వర్తిస్తుందన్న విషయంలో రెండు వైఖరులున్నాయి. విశ్వాస విషయాలలోనే కాక చరిత్ర, సృష్టి విషయాలలో సైతం లేఖనం చెప్పినదేదీ తప్పు కాదన్నది మొదటిది. 1978లో షికాగోలో సమావేశమైన సువార్తిక పండితులు వెలువరించిన ప్రకటన దానికి బాగా తెలిసిన రూపం. మన రక్షణకై దేవుడు తెలియజేయదలచిన సత్యాన్ని లేఖనం తప్పక అందిస్తుందనీ, అంకెల వంటి వాటిలో మనుషుల చేతివ్రాతకుండే పరిమితులు ఉండవచ్చుననీ రెండవ వైఖరి అంటుంది. కతోలిక సంఘపు రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన పత్రంలోని 'మన రక్షణ నిమిత్తం' అన్న మాటను చాలామంది ఈ అర్థంలోనే తీసుకుంటారు.

ఒక ఉదాహరణ చూద్దాం. యూదా రాజు యెహోరాము ముప్పది రెండేళ్ల వయసులో రాజై, యెరూషలేములో ఎనిమిదేళ్లు ఏలి చనిపోయాడని దినవృత్తాంతముల రెండవ గ్రంథం 21వ అధ్యాయం చెబుతుంది. అంటే చనిపోయేనాటికి ఆయనకు సుమారు నలభై ఏళ్లు. ఆ వెంటనే రాజైన ఆయన చిన్న కొడుకు అహజ్యా వయసు, హెబ్రీ మూలం ప్రకారం 22వ అధ్యాయంలో, నలభై రెండు! రాజుల రెండవ గ్రంథంలో అదే అహజ్యాకు ఇరవై రెండేళ్లే. నేను చదువుకున్న సండే స్కూలులో ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూపినవారు ఎవరూ లేరు. చిన్ననాడే చూపి ఉంటే, పెద్దయ్యాక ఒంటరిగా వాటిని చూసి కంగారుపడే అవసరం నాకు ఉండేది కాదు.

దీనికి షికాగో ప్రకటనలో సమాధానం ఉంది. దైవావేశం, అంటే దేవుని ప్రేరణ, ఖచ్చితంగా వర్తించేది గ్రంథకర్తలు మొదట వ్రాసిన మూల ప్రతులకేననీ, నకళ్లు వ్రాసినవారి పొరపాట్లు దాని కిందికి రావనీ అది స్పష్టం చేస్తుంది. ఉజ్జాయింపు అంకెలను, కంటికి కనిపించినట్టుగా చేసిన ప్రకృతి వర్ణనలను తప్పులుగా లెక్కించరాదని కూడా అంటుంది. కనుక ఈ వైఖరిని మొండితనంగా చూడడం న్యాయం కాదు. అయితే ఆ మూల ప్రతులలో ఒక్కటి కూడా నేడు మన చేతిలో లేదు.

మన చేతిలో ఉన్నవి నకళ్లు. 1947లో మృత సముద్ర తీరాన కుమ్రాను గుహలో దొరికిన, ఏడు మీటర్లకు పైగా పొడవున్న యెషయా గ్రంథపు చుట్టనే తీసుకోండి. అంతకు ముందు మనకున్న సంపూర్ణ హెబ్రీ ప్రతులకంటే అది దాదాపు వెయ్యేళ్లు పాతది, అయినా గ్రంథం మొత్తం మీద అదే యెషయా. 40వ అధ్యాయంలో 'గడ్డి యెండును, పువ్వు వాడును' అనే మాట రెండుసార్లు వస్తుంది. ఈ చుట్టకు నకలు వ్రాసినవాని చూపు మొదటి చోటి నుండి రెండవ చోటికి దూకడంతో నడుమ భాగం జారిపోయింది. తరువాత మరొకరు ఆ మాటలను వరుసల మధ్య, అంచు వెంబడి ఇరికించి వ్రాశారు. హెబ్రీలో నాలుగు అక్షరాల దేవుని పేరు రావలసిన చోట నాలుగు చుక్కలు పెట్టారు. 'మన దేవుని వాక్యము నిత్యము నిలుచును' అన్న వచనం దగ్గరే జరిగిన ఈ పొరపాటును, దిద్దుబాటును తలచుకున్నప్పుడల్లా నాకు విశ్వాసం బలపడుతుందే గాని సడలదు.

నేను రెండవ వైఖరి వైపే మొగ్గడానికి అసలు ఆధారం తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక. 'దైవావేశమువలన కలిగిన ప్రతి లేఖనము' అన్న మాటకు ముందే, తిమోతి బాల్యం నుండి ఎరిగిన పరిశుద్ధ లేఖనాలు 'రక్షణార్థమైన జ్ఞానము' కలిగిస్తాయని అక్కడ ఉంది. తిమోతి చదివినవి యెషయా స్వహస్తంతో వ్రాసిన ప్రతులు కావు, నకళ్లు. బహుశా గ్రీకు అనువాదాలు. ఆ పత్రిక వాటినే పరిశుద్ధమంది.

అయితే మొదటి వైఖరి వారు అడిగే ఒక ప్రశ్నను దాటవేయకూడదు: అంకెలను పక్కన పెట్టిన చెయ్యి రేపు పునరుత్థానాన్నీ పక్కన పెట్టదా? అలా పెట్టడానికి వీలులేదు. అహజ్యా వయసు మీద ఏ సువార్తా నిలబడి లేదు. క్రీస్తు లేపబడియుండనియెడల మీ విశ్వాసము వ్యర్థమని పౌలు కొరింథీయులకు వ్రాశాడు. అయిదు వందలకు పైగా సహోదరులు లేచిన క్రీస్తును ఒకే సమయంలో చూశారనీ, వారిలో అనేకులు ఇంకా బ్రతికే ఉన్నారనీ అదే అధ్యాయంలో చెప్పాడు. కొరింథులో అది చదివినవారు ఆ సాక్షులను వెతికి అడగగలిగిన రోజులవి.