చవక బాగ్ ఓక్ పైపు: ఏళ్ళపాటు వాడాక నా మాట

పొగాకు తాగే పైపు కొనేటప్పుడు అందరం కర్ర గురించి ఎక్కువగా, పొగ రావడానికి దానికి వేసిన రంధ్రం గురించి తక్కువగా ఆలోచిస్తాం. నేను 58 యూరోలు పెట్టి కొన్న బాగ్ ఓక్ పైపులో కర్రకి వంక పెట్టడానికి లేదు. ఇబ్బంది పెట్టిందల్లా దాని రంధ్రం, దానికి తగిలించిన స్టెమ్, అంటే నోట్లో పెట్టుకునే గొట్టం. ఈ ధరలో బాగ్ ఓక్ పైపు చూస్తున్నవాళ్ళకి ముందుగా చెప్పాల్సింది ఇదే అనిపించింది.

నేనుండేది జర్మనీలో. పైపు ఉక్రెయిన్‌లోని ఒక చిన్న వర్క్‌షాప్ నుంచి వచ్చింది. చవక బాగ్ ఓక్ పైపులు చాలానే అటు నుంచి వస్తున్నాయి. మామూలు బిలియర్డ్ ఆకారం (నిటారు గిన్నె, తిన్నటి పిడి), బరువు 35 గ్రాములు, పొగాకు నింపే గిన్నె లోపలి వెడల్పు 20 మిల్లీమీటర్లు, స్టెమ్ నల్లటి యాక్రిలిక్. జర్మనీలో 9 మిల్లీమీటర్ల కార్బన్ ఫిల్టర్ వేసుకోవడం అలవాటు కాబట్టి ఇది కూడా ఆ కొలతతోనే చేసింది. నేను ఫిల్టర్ వాడను. ఆ ఖాళీలో చిన్న అడాప్టర్ పెట్టుకుంటాను.

బాగ్ ఓక్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. యూరప్‌లోని పీట్ నేలల్లో (సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలలు), నదుల అడుగు బురదలో ఎప్పుడో కూలి మునిగిపోయిన ఓక్ చెట్లు ఇవి. గాలి అందదు కాబట్టి కుళ్ళవు. ఓక్‌లో వగరుండే టానిన్ ఉంటుంది, ఆ నీళ్ళలో ఇనుము ఉంటుంది. రెండూ కలిస్తే నలుపు. మనకిది కొత్తేం కాదు. కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసుకున్న కాలం మనకూ ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పెట్టిన బట్ట మీద ఇనుప కసిమి అనే ద్రవంతో గీత గీస్తే నల్లబడేదీ ఇందుకే. అక్కడ బట్ట మీద గీత వరకే జరిగేది ఇక్కడ చెట్టు మొత్తానికీ, వందల నుంచి వేల ఏళ్ళపాటు జరిగింది. ఫ్రాన్స్‌లో సేన్ నజేర్ దగ్గరి బ్రియేర్ చిత్తడి నేలల్లో ఈ కర్రని మోర్తా అంటారు. పైపులవాళ్ళ నోట ఎక్కువగా వినిపించేది ఆ పేరే.

మరి అంత పాత కర్ర 58 యూరోలకి ఎలా వస్తుంది? కర్ర దొరకడం కంటే దాన్ని ఆరబెట్టడం కష్టం. తడిసి తడిసి ఉన్న దుంగని ఒక్కసారిగా ఎండబెడితే పగుళ్ళు ఇస్తుంది. నెమ్మదిగా, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి ఆరనివ్వాలి, అప్పుడు కూడా చాలా భాగం వృథా అవుతుంది. పగుళ్ళు లేని పెద్ద ముక్కలు పేరున్న పైపు కళాకారులకి వెళ్తాయి, వాళ్ళ పైపులు వందల యూరోలు పలుకుతాయి. చిన్న ముక్కలు, సన్నటి బీటలున్నవి చవక పైపులవుతాయి. నా పైపు గిన్నెకి ఒక పక్క మాత్రమే నునుపుగా ఉంది, మిగతాదంతా ఉలితో గరుకుగా చెక్కారు. ఎందుకు చెక్కారో అర్థమవుతూనే ఉంది. పట్టుకోవడానికి ఆ గరుకే బాగుంది కాబట్టి నాకు ఫిర్యాదు లేదు.

డబ్బాలో ఒక చీటీ పెట్టారు, కర్ర వయసు 5000 ఏళ్ళని. ఉండొచ్చు. కానీ వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్షకి ఒక్క నమూనాకే ఈ పైపు ధరకి కొన్ని రెట్లు అవుతుంది. ప్రతి ముక్కకీ ఎవరూ చేయించరు. ఆ ప్రాంతంలో దొరికిన దుంగలకి ఎప్పుడో తేల్చిన అంకెనే చీటీ మీద వేస్తారు. అంకె మీద మోజుతో అయితే కొనొద్దు. అసలు బాగ్ ఓకేనా, రంగు వేసిన మామూలు కర్రా అన్నది మాత్రం చూసుకోవాలి. స్టెమ్ ఊడదీసి లోపలి గూట్లోకి టార్చి వేసి చూస్తే తెలిసిపోతుంది. బాగ్ ఓక్ లోపల కూడా నల్లగానో, ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. రంగు వేసినదైతే గూడు తెల్లగా కనబడుతుంది, స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్దితే రంగు దూదికి అంటుకుంటుంది. నాది రెండు పరీక్షలూ గట్టెక్కింది.

ఇక తాగడం సంగతి. చాలామంది వాడే బ్రయర్ పైపులని మధ్యధరా తీరంలో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద మొదలు దగ్గర పెరిగే బుడిపెతో చేస్తారు. ఫ్రాన్స్‌లో సేన్ క్లోద్ ఊళ్ళో 1850ల నుంచి ఆ పని నడుస్తోంది. బ్రయర్ కొత్తదైతే కొన్నాళ్ళు చేదుగా ఉంటుంది. గిన్నె గోడకి మసి పొర కట్టేదాకా సగం సగం నింపుతూ ఓపిక పట్టాలి. బాగ్ ఓక్‌కి ఆ తంతు లేదు. మొదటిసారే గిన్నె నిండా వర్జీనియా ఫ్లేక్ (అచ్చులా నొక్కి పలకలుగా కోసిన వర్జీనియా పొగాకు) వేసి కాల్చాను. మొదట్లో కొంచెం తడి మట్టి వాసన, నాలుక చివర ఉప్పు తగిలినట్టు ఒక ఛాయ. తర్వాత అవి రెండూ పోయాయి. ఆపైన కర్ర తన రుచి ఏమీ కలపదు, పొగాకు ఏదైతే అదే తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో బాగ్ ఓక్ గురించి చెప్పుకునేది నిజమే.

వేడి విషయంలో నా అనుభవం మిశ్రమం. గోడ మందం బాగా ఉన్న చోట గిన్నె చేతికి గోరువెచ్చగానే ఉంటుంది. నా పైపుకి ముందు గోడ ఆరు మిల్లీమీటర్లే, గబగబా పీలిస్తే అక్కడ వేలు పెట్టలేం. ఓక్‌కి నారల మధ్య కంటికి కనిపించేంత రంధ్రాలుంటాయి, అంచు దగ్గర అవి తెరుచుకునే ఉంటాయి. అక్కడ లైటర్ మంట సూటిగా తగిలితే చిన్న చిన్న పెళ్ళలు లేస్తాయి. నా పైపు అంచు ఒకచోట అలాగే గరుకుబారింది. నలుపు మీద నలుపు కాబట్టి కనబడదు, వేలికి తెలుస్తుంది. అగ్గిపుల్లతో వెలిగించుకోవడమే మంచిది. మసి పొరని మందంగా కట్టనివ్వకూడదు. చాకు పెట్టి గీకితే మసితోపాటు కర్ర కూడా వస్తుంది. తాగాక టిష్యూ పేపర్ మెలితిప్పి లోపల తిప్పితే చాలు.

అసలు బాధ రంధ్రంతో. పొగ వెళ్ళే దారి గిన్నె అడుగుకి సరిగ్గా ఆనుకుని తెరుచుకోవాలి. నా పైపులో అది అడుగుకి మూడు మిల్లీమీటర్ల పైన ఉంది. వినడానికి చిన్న తేడా, తాగేటప్పుడు కాదు. అడుగున కొంచెం పొగాకు ఎప్పుడూ కాలకుండా తడిగా మిగిలిపోతుంది, సగం గిన్నె దాటాక గుడగుడమంటుంది, చివరికి పులుపెక్కుతుంది. దాంతో కొన్నాళ్ళు ఆ పైపుని పక్కన పడేశాను.

దీనికి పాత మందు ఒకటుంది. చుట్ట నుసిలో నాలుగు చుక్కల నీళ్ళు వేసి ముద్ద చేసి, గిన్నె అడుగున మెత్తి, పొగ దారికి సమానంగా ఎత్తు పెంచి ఆరనివ్వాలి. పైప్ మడ్ అంటారు. ఇక్కడివాళ్ళు సిగార్ నుసి వాడతారు. మా నాన్న ప్రకాశం జిల్లా నుంచి చూడ్డానికి వచ్చినప్పుడు తన చుట్టల కట్ట వెంట తెచ్చుకున్నారు. ఆయన బాల్కనీలో కూర్చుని కాలుస్తుంటే నేను పక్కన స్టీలు గిన్నెతో నుసి పట్టాను. "ఇదేం పని రా, మట్టి పొయ్యి అలుకుతున్నావా?" అన్నారు. అలకడమే. మెత్తాక పొగ దారి మూసుకుపోకుండా ఒక పైప్ క్లీనర్ (నూలు చుట్టిన సన్నటి తీగ) గుచ్చి ఉంచి, రెండు రోజులు ముట్టుకోకుండా ఆరబెట్టాను. గుడగుడ పోయింది, అడుగుదాకా కాలుతోంది. అప్పుడప్పుడూ కొంచెం ఊడితే మళ్ళీ మెత్తుకోవాలి, అంతే.

నాన్న వర్జీనియా పండించిన మనిషి, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌ల దగ్గర రాత్రిళ్ళు కాపలా ఉన్నవాడు. నా ఫ్లేక్ డబ్బా తీసి, ఒక ముక్క వేళ్ళ మధ్య నలిపి, "పదును ఎక్కువైంది, ఆరబెట్టి తాగు" అన్నారు. డబ్బాలోంచి తీసిన పొగాకు తడిగా ఉంటుందని పైపు తాగేవాళ్ళందరికీ తెలుసు, పాటించేవాళ్ళు తక్కువ. ఒక అరగంట ప్లేటు మీద పరిచి ఉంచితే ఈ పైపులో తేడా స్పష్టంగా తెలుస్తుంది. రంధ్రం సరిగ్గా లేని పైపులో తడి పొగాకు వేస్తే తిట్టాల్సింది పైపునొక్కదాన్నే కాదు.

స్టెమ్ గురించి త్వరగా చెప్పేస్తాను. యాక్రిలిక్ కాబట్టి ఎబోనైట్‌లా (గట్టిపరిచిన రబ్బరు) ఎండకి పచ్చబారదు, అది మేలు. కానీ పళ్ళ మధ్య గట్టిగా, మందంగా ఉంటుంది. గంటసేపు పట్టుకుంటే దవడ నొప్పి. కొన్ని నెలలకి గూట్లో వదులైంది, పైపు వంచితే స్టెమ్ జారేది. వర్క్‌షాప్‌కి రాస్తే కొత్తది పంపుతామన్నారు, పంపలేదు. స్టెమ్ కొనకి తేనెమైనం పల్చగా పూసి బిగించాక సరిపోయింది. చలికాలం హీటర్ ఉన్న గదిలో మళ్ళీ వదులవుతుంది, వానాకాలం బిగుసుకుంటుంది. కర్ర ఇంకా గాలిలో చెమ్మకి స్పందిస్తూనే ఉందన్నమాట. పైపు వేడిగా ఉన్నప్పుడు స్టెమ్ తిప్పకండి, పిడి దగ్గర చీలే ప్రమాదం ఉంది.

మెరుపు ఆరు నెలల్లో పోయింది, నల్లటి గిన్నె బూడిద రంగుకి తిరిగింది. కర్నోబా మైనం కొంచెం రుద్దితే నలుపు తిరిగొస్తుంది. లోపల శుభ్రం చేయడానికి స్పిరిట్ వాడినా, పైన పడకుండా చూసుకోవాలి.

ఒక పరీక్ష కూడా చేశాను. లటాకియా అంటే చెక్కల పొగలో మగ్గబెట్టిన ఆకు, ఒకప్పుడు సిరియా నుంచి వచ్చేది. దాని వాసన బ్రయర్‌కి పట్టిందంటే నెలలు వదలదు. బాగ్ ఓక్ ఏ వాసననీ పట్టదని అమ్మేవాళ్ళు అంటారు. పడుతుంది. నాలుగైదు గిన్నెల లటాకియా తర్వాత వర్జీనియా వేస్తే పొగ వాసన అలాగే ఉంది. బ్రయర్ కంటే త్వరగా పోయిన మాట నిజం. నేను మాత్రం దీన్ని వర్జీనియాకే ఉంచేశాను.

డబ్బు లెక్క చూస్తే, పది యూరోల పైచిలుకుకి దొరికే అమెరికా మొక్కజొన్న కండె పైపు కూడా మొదటి రోజు నుంచే ఇంత పొడిగా, ఇంత శుభ్రంగా కాలుతుంది. మిజోరి రాష్ట్రంలో వాషింగ్టన్ అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీ 1869 నుంచి అవే చేస్తోంది. కేవలం రుచి కోసమైతే అది కొనుక్కోండి. బాగ్ ఓక్‌కి పెట్టే అదనపు డబ్బంతా చేతిలో ఆ కర్ర స్పర్శకి, ఆ నలుపుకి. నాకది నచ్చింది, అందుకే ఇన్ని తిప్పలూ పడ్డాను. మీకు అది ముఖ్యం కాకపోతే ఇందులో ఇంకేమీ లేదు. పొగాకు అలవాటు లేనివాళ్ళు కర్ర అందం చూసి మొదలుపెట్టొద్దు. పొగ గుండెల్లోకి పీల్చకపోయినా నోటి క్యాన్సర్ ముప్పు పైపుకీ ఉంది, నికోటిన్ అలవాటు దీనితోనూ అంటుకుంటుంది.

ఇంకోటి కొంటానా? కొంటాను, ఇంకో చోట. ఈసారి గిన్నె పైనుంచి టార్చి వేసి తీసిన ఫోటో అడుగుతాను, పొగ దారి అడుగున ఎక్కడ తెరుచుకుందో కనబడాలి. పైప్ క్లీనర్ స్టెమ్ కొస నుంచి గిన్నెలోకి ఆగకుండా వస్తున్న చిన్న వీడియో అడుగుతాను. గోడ ఏడు మిల్లీమీటర్లకి తగ్గకూడదు, స్టెమ్ ఎబోనైట్ అయితే పది యూరోలు ఎక్కువైనా ఇస్తాను. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి తెప్పిస్తే ఎంత చిన్న పార్సెల్‌కైనా వ్యాట్ పడుతుంది, జర్మనీలో అది 19 శాతం. ధర చూసుకునేటప్పుడు అది కూడా కలుపుకోండి.