కోర్టు హాలు కథా, వకీలు ఆఫీసు కథా: ఏది మేలు?

చిత్తూరులో నేను జూనియరుగా చేరిన సీనియర్ గారి ఆఫీసు ఆయన ఇంటి ముందు గదే. గోడ పొడవునా లా జర్నళ్ల బైండు పుస్తకాలు, బల్ల మీద నాడాలతో కట్టిన కేసు కట్టలు, మూలనున్న చిన్న అలమరలో ఆయన కుమారుడు కాలేజీ రోజుల్లో కొని వదిలేసిన ఇంగ్లీషు నవలలు ఉండేవి. సాయంత్రం వచ్చిన పార్టీలు వెళ్లిపోయి, గుమాస్తా మరునాటి వాయిదాలు డైరీలో ఎక్కించుకుంటున్న వేళ నేను ఆ అలమర తెరిచేవాణ్ణి. జాన్ గ్రిషమ్ రాసిన ‘ఎ టైమ్ టు కిల్’, ‘ది ఫర్మ్’ ఆ గదిలోనే, ఒకదాని వెంట ఒకటిగా చదివాను. న్యాయవాదుల కథల్లో కోర్టు హాలులో నడిచేవి మేలా, లా ఫర్మ్ లోపల, అంటే చాలామంది వకీళ్లు కలిసి నడిపే ఆఫీసులో, నడిచేవి మేలా అని తూచడానికి ఇంతకంటే అనువైన జత నాకు దొరకలేదు. రెండూ రాసిన చెయ్యి ఒకటే, అదీ అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో ఏళ్ల తరబడి కేసులు నడిపిన చెయ్యి.

మొదటి నవలను 1989లో ఒక చిన్న ప్రచురణ సంస్థ 5,000 ప్రతులు అచ్చు వేస్తే అవి అమ్ముడుపోవడమే కష్టమైంది. 1991లో వచ్చిన రెండోది రచయితను ఊరూరా పరిచయం చేసింది, ఆ తర్వాతే పాఠకులు వెనక్కి వెళ్లి మొదటిదాన్ని వెతుక్కున్నారు. అమ్మకాలను బట్టి మేలెంచడం న్యాయం కాదు, అందులోనూ రెండోదాని సినిమా హక్కులు పుస్తకం రాకముందే అమ్ముడైపోయి కావలసినంత ప్రచారం కలిసివచ్చింది. కనుక ఆ లెక్కను పక్కన పెట్టి, చదివేవాడి మనసు మీద ఏది ఎలా పనిచేస్తుందో చూడడమే మంచిది.

‘ఎ టైమ్ టు కిల్’లో, చిన్న కూతురి మీద అత్యాచారం చేసిన ఇద్దరు తెల్లవాళ్లను కాల్చి చంపిన నల్లజాతి తండ్రి మీద హత్య కేసు నడుస్తుంది. తీర్పు చెప్పడానికి కూర్చున్న మామూలు పౌరుల బృందం, అంటే జ్యూరీ, ఏమంటుందోనన్న ఆతృతే చివరిదాకా లాక్కుపోతుంది. కోర్టు కథకు ఉన్న బలమంతా ఇదే: ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, ప్రమాణం చేసిన సాక్షి నోటి నుంచి ఒక మాట జారుతుంది, అందరూ ఒకే గదిలో ఉండగా నిజం బయటపడుతుంది. మా ప్రాంతం వారికి ఈ ఆకర్షణను వివరించనక్కరలేదు. చిత్తూరుకు పదకొండు కిలోమీటర్ల దూరంలోని కాణిపాకంలో కోనేట స్నానం చేసి, వరసిద్ధి వినాయకుడి ఎదుట సత్యప్రమాణం చేసే ఆచారం ఎంతో కాలంగా ఉంది. సాక్షి బోనులో తడుముకోకుండా అబద్ధమాడిన మనిషి, ఎదుటి పక్షం వారు “అయితే కాణిపాకానికి రా” అనగానే చెప్పుల్లో కాళ్లు పెట్టి మెల్లగా జారుకోవడం కోర్టు ఆవరణలోనే నా కళ్లతో చూశాను. నలుగురి ముందు నిజం తేలాలన్న ఆ కోరికే ప్రేక్షకులను కోర్టు సినిమాలకు రప్పిస్తుంది. 2025లో వచ్చిన ‘కోర్ట్’ సినిమాకు మన హాళ్లు నిండడంలో నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

అయితే ఆ నవలలోని ఉత్కంఠ ప్రాణమంతా జ్యూరీలో ఉంది, మనకు జ్యూరీ లేదు. 1959లో బొంబాయిలో నానావతి కేసులో, హత్యారోపణ మీద జ్యూరీ నిర్దోషి అన్న నౌకాదళ అధికారికి హైకోర్టు శిక్ష వేయగా, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇక జ్యూరీకి చోటే దొరకలేదు. మన కోర్టులో ఒక సాక్షి చీఫ్ (పిలిచిన పక్షం వేసే ప్రశ్నలు) ఒక వాయిదాలో, క్రాస్ (ఎదుటి పక్షం వేసే ప్రశ్నలు) మరో వాయిదాలో పూర్తి కావచ్చు. వాదనలు ముగిసిన తరువాత తీర్పు ఇంకొక తేదీకి వెళుతుంది, అది వెలువడే రోజున గదిలో ఉండేది తరచుగా ఇద్దరు జూనియర్లు, ఒక బెంచ్ క్లర్కు, తన కేసు ఎప్పుడు పిలుస్తారో తెలియక గుమ్మం దగ్గర నిలబడ్డ మరెవరో. ఈ పని రోజూ చేసేవాడికి కోర్టు నవల చదువుతుంటే పండగనాటి భోజనంలా ఉంటుంది. రుచిగానే ఉంటుంది కానీ ఇంట్లో రోజూ వండేది అది కాదని నాలుకకు తెలుసు.

‘ది ఫర్మ్’ దగ్గరికి వస్తే అందులో కోర్టు దాదాపుగా కనిపించదు. హార్వర్డ్‌లో చదివిన ఒక బీద కుర్రవాడిని మెంఫిస్ నగరంలోని పన్నుల వ్యవహారాల ఫర్మ్ ఒకటి మంచి జీతంతో, కొత్త బి.ఎం.డబ్ల్యూ. కారుతో, తక్కువ వడ్డీ ఇంటి రుణంతో చేర్చుకుంటుంది, అతని చదువు అప్పు కూడా తానే తీరుస్తుంది. ఆ ఫర్మ్‌కు అసలు యజమానులు నేరస్థుల ముఠా అని తరువాత తెలుస్తుంది. నాకు మాత్రం భయం వేసిన పేజీలు ముఠా రాకముందువి. కారు తాళం చేతికి వచ్చినప్పుడు, ఇంటి గోడల రంగు గురించి భార్యతో మాట్లాడుతున్నప్పుడు, తెల్లవారకముందే ఆఫీసుకు వెళ్లి కూర్చున్నప్పుడు ఆ కుర్రవాడి చుట్టూ ఉచ్చు బిగుస్తూ ఉంటుంది, ఉచ్చు వేసినవాళ్లు నవ్వుతూనే ఉంటారు. తిరుపతిలో లా చదివి చెన్నైకో బెంగళూరుకో పెద్ద ఫర్మ్‌లో చేరడానికి వెళ్లిన మా వాళ్లు ఈ భాగం చదివితే ముఠా సంగతి అడగరు, వాయిదాల మీద తీసుకున్న ఫ్లాటు సంగతే గుర్తు చేసుకుంటారు.

లా ఫర్మ్ కథల్లోని వాస్తవికత అనే మాటకు నేను చెప్పుకునే అర్థం డబ్బు లెక్క కచ్చితంగా ఉండడం. అమెరికా ఫర్మ్‌లలో పనిని గంటల చొప్పున బిల్లు వేస్తారు, గంటను పది భాగాలు చేసి ఆరు నిమిషాలను ఒక లెక్కగా పట్టుకోవడం అక్కడ మామూలు. రెండు నిమిషాల ఫోను మాట కూడా ఆరు నిమిషాల కిందే పడుతుంది. అలాంటి పద్ధతిలో మోసం చేయడానికి తుపాకీ అక్కరలేదు, పెన్సిలు చాలు. మన జిల్లా కోర్టులలో ఫీజు కేసుకు ఇంత అనో, వాయిదాకు ఇంత అనో మాట్లాడుకుంటాము. గెలిస్తే వచ్చే ఆస్తిలో వాటా తీసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. మనకున్న ప్రలోభాలు వేరు, కాని అవీ కాగితాల మీదే జరుగుతాయి.

కాగితాల సంగతి వచ్చింది కనుక చట్టం పుస్తకంలోనే దాగిన ఒక చిన్న థ్రిల్లర్‌ను చూపించాలి. కక్షిదారు చెప్పిన రహస్యాన్ని న్యాయవాది బయటపెట్టకూడదన్నది 1872 సాక్ష్య చట్టంలో 126వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియంలో 132వది. దాని కింద ఉదాహరణలున్నాయి. “నేను ఫోర్జరీ చేశాను, నన్ను కాపాడండి” అని వచ్చినవాడి మాట రహస్యంగా ఉండాలి. “ఈ ఫోర్జరీ పత్రంతో ఆస్తి స్వాధీనం కావాలి, దావా వేయండి” అన్నవాడికి ఆ రక్షణ లేదు. మూడో ఉదాహరణలో, డబ్బు కాజేశాడన్న కేసులో ముద్దాయి తరఫున పనిచేస్తున్న న్యాయవాదికి, తాను కేసు చేపట్టిన నాడు లేని పద్దు ఒకటి లెక్కల పుస్తకంలో కొత్తగా కనిపిస్తుంది. అది రహస్యం కిందికి రాదు. నాలుగు వాక్యాలే. కాని ఆ పుస్తకం తెరిచిన వకీలు ఆ రాత్రి ఎలా నిద్రపోయాడో రాయడానికి నవల కావాలి, అదీ కోర్టు నవల కాదు, ఆఫీసు నవల.

నాకు అలాంటి రాత్రి ఒకటే ఎదురైంది. తిరుపతి దగ్గర స్థలం విషయంలో ఒక పార్టీ క్రయ అగ్రిమెంటు తెచ్చాడు. దావా రాయమని సీనియర్ గారు కట్టను నా ముందుకు తోశారు. అగ్రిమెంటు మీద తేదీ జనవరి నెలది. స్టాంపు కాగితం వెనక్కి తిప్పితే, అమ్మిన వెండరు వేసిన ముద్రలో తేదీ అదే సంవత్సరం మార్చిది. లైటు కిందికి జరిపి రెండుసార్లు చూశాను. సీనియర్ గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు, చాలా సేపు మాట్లాడలేదు. తరువాత “నాడా అట్లే కట్టేయప్పా. రేపు పొద్దన వస్తాడు, ఇచ్చి పంపించేయి. ఫీజు గూడా అందులోనే పెట్టు” అన్నారు. ఆ ఫీజు అప్పటికే గుమాస్తా చేతికి వచ్చి, కొంత ఖర్చయిపోయింది కూడా. ఆ లోటును ఆయన తన జేబు నుంచి పూడ్చడం నేను చూడనట్టు నటించాను. ఈ సంఘటనలో జడ్జి లేడు, సాక్షి లేడు, చప్పట్లు లేవు. ‘ది ఫర్మ్’ను తిరిగి తీసి చదివింది ఆ వారంలోనే.

అందుకే చదువుకునే కథగా నేను లా ఫర్మ్ కథకే ఓటు వేస్తాను. కోర్టు కథలో న్యాయవాది పరాయివాడి ప్రమాదాన్ని మోస్తాడు, ఇక్కడ ప్రమాదం అతని సొంతం, తానెవరి తరఫున పనిచేస్తున్నాడో తెలుసుకోవడమే అతను చేసే దర్యాప్తు. ముఠాను పట్టించమని అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. ఒత్తిడి చేస్తున్నప్పుడు, కక్షిదారుల రహస్యం చెబితే లైసెన్సు పోతుందని ఆ కుర్రవాడు నలిగిపోవడంలో ఉన్న చిక్కు, ఎంత గొప్ప క్రాస్ ఎగ్జామినేషన్‌లోనూ నాకు దొరకలేదు. తెర మీద చూసేటప్పుడు మాత్రం కోర్టుదే పైచేయి, ఎందుకంటే ఫైలు చదివే మనిషి ముఖాన్ని కెమెరా ఎంతసేపని చూపించగలదు?

లా ఫర్మ్ కథ పాడయ్యే చోటు కూడా ఒకటుంది. సగం దాటాక కాగితాల మీద నమ్మకం పోయి పరుగుల మీదికి మళ్లుతుంది. ‘ది ఫర్మ్’ నవలలో కథానాయకుడు పత్రాల నకళ్లు అప్పగించి, డబ్బుతో సముద్రం దాటి దాక్కుంటాడు, వకీలుగా అతని బతుకు అక్కడితో సరి. 1993 నాటి సినిమాలో ముగింపు మార్చారు. అక్కడ అతను ముఠా రహస్యాలను ముట్టుకోకుండా, ఫర్మ్ తన కక్షిదారులకు ఎక్కువ గంటలు వేసి తపాలాలో పంపిన బిల్లులనే నేరంగా పట్టిస్తాడు. లైసెన్సు నిలబడుతుంది, ఫర్మ్ తన పెన్సిలు రాతతోనే కూలిపోతుంది. మూలాన్ని సినిమా మెరుగుపరచడం అరుదు, నా లెక్కలో ఇది ఆ అరుదైన వాటిలో ఒకటి. ‘ది ఫర్మ్’ను ఇప్పుడే మొదలుపెట్టాలనుకునేవారు నవలను మూడొంతులు చదివి ఆపి, ముగింపును సినిమాలో చూస్తే బాగుంటుంది. మా గుమాస్తాకు ఇలాగే కథ చెబితే ఆయన ముఠా గురించి ఒక్క ముక్క అడగలేదు, ఆ దొంగ బిల్లులను తపాలాలో వేసింది ఏ గుమాస్తా అని మాత్రం అడిగాడు.