కాళహస్తి పూజా, మంత్రగాడి తాయెత్తా?

వ్యాపారం దెబ్బతిన్నా, పిల్లకు పెళ్లి కుదరకపోయినా మా తిరుపతిలో రెండే సలహాలు. "కాళహస్తిలో రాహుకేతు పూజ చేయించండి." లేదా, గొంతు తగ్గించి, "ఎవరో ఏదో చేయించారు, మంత్రగాడికి చూపించండి."

శాస్త్రానికి రెండూ తెలుసు. అథర్వవేదంలో రోగం పోగొట్టే మంత్రాలున్నాయి, శత్రువును అణిచేవీ ఉన్నాయి. అయితే పరులకు కీడు చేసే అభిచారాన్ని మనుస్మృతి ఉపపాతకాల్లో, అంటే మహాపాతకాల తర్వాతి స్థాయి పాపాల్లో, వేసింది. యోగసూత్రాల పతంజలి అయితే సిద్ధులే, అంటే అతీత శక్తులే, సమాధికి అడ్డం అన్నాడు.

ఖర్చు: గుడిలో టికెట్ ధర ముందే తెలుస్తుంది. మంత్రగాడి దగ్గర నిమ్మకాయలతో మొదలై, కోడి దాటి, "ఇది మొండిది, ఇంకో పూజ కావాలి" దాకా పోతుంది.

శ్రమ: కాళహస్తికి బస్సులో గంట చాలు. రాహుకాలంలో మాత్రం రద్దీ. మంత్రగాడు అమావాస్య దాకా ఆగమంటాడు, ఆ టెన్షన్ వేరే.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. పూజారి దోషం గ్రహాల మీద పెడతాడు, మంత్రగాడు మనిషి మీద పెడతాడు. మా వీధిలో ఒకావిడకు మంత్రగాడు ఆమె తోడికోడలి పేరు సూచనగా అన్నాడంతే, రెండిళ్ల మధ్య మాటలు ఆగి నాలుగేళ్లయింది. రాహువుకైతే కోపం రాలేదు.

మనసు కుదుటపడటానికైతే కాళహస్తి. ఎవరి మీదో నింద పడి తేలకపోతే కాణిపాకంలో ప్రమాణం. పసిబిడ్డ ఊరికే ఏడిస్తే ఇంట్లోనే ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీయండి. జ్వరమో, ఫిట్సో అయితే ముందు డాక్టరు. మంత్రగాడి వంతు ఎప్పుడంటారా? నాకైతే ఇంకా కనపడలేదు.