ఉసిరికాయా, గ్రీన్ టీనా, పసుపు క్యాప్సూలా: ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివర పార్కు గేటు దగ్గర పొద్దున్నే ఒక జ్యూస్ బండి ఉంటుంది. కాకరకాయ, బూడిదగుమ్మడి, ఉసిరి, అన్నీ స్టీలు క్యాన్లలో. వాకింగ్ అయ్యాక మా తెలుగు బ్యాచ్ ఆగేది అక్కడే, రోజూ గొడవ మొదలయ్యేదీ అక్కడే. ఒకాయన రోజుకి నాలుగు కప్పుల గ్రీన్ టీ తాగే మనిషి. ఇంకొకాయన జేబులో పసుపు క్యాప్సూల్స్ డబ్బా ఎప్పుడూ ఉంటుంది. నాది ఉసిరికాయ పార్టీ. ఎందుకండీ అని అడిగితే ముగ్గురిదీ ఒకటే జవాబు, యాంటీఆక్సిడెంట్లు!

ముందు ఆ మాట సంగతి చూద్దాం. మనం పీల్చే ఆక్సిజన్‌ని ఒళ్ళు వాడుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ పుడతాయి, అవి ఎక్కువైతే కణాలు దెబ్బతింటాయి, సి విటమిన్, మొక్కల్లో ఉండే పాలీఫినాల్స్ లాంటి యాంటీఆక్సిడెంట్లు వాటిని చల్లారుస్తాయి. ఇంతవరకూ నిజమే. కానీ గాజు గొట్టంలో చల్లారినట్టు కడుపులోకి వెళ్ళాక కూడా చల్లారుతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏ పండులో ఎంత యాంటీఆక్సిడెంట్ శక్తి ఉందో చెప్పే ఓరాక్ స్కోర్ల పట్టికని అమెరికా వ్యవసాయ శాఖే 2012లో తన సైట్ నుంచి తీసేసింది, ఆ అంకెలకీ ఒంటికి జరిగే మేలుకీ పొంతన లేదనీ, కంపెనీలు వాటిని ప్రకటనలకి వాడేసుకుంటున్నాయనీ. కాబట్టి 'నారింజ కంటే ఇన్ని రెట్లు' అని డబ్బా మీద రాసుంటే పట్టించుకోకండి.

ఇక ఉసిరి. వంద గ్రాముల్లో సి విటమిన్ 250 మిల్లీగ్రాములని ఒక లెక్క, 600 అని ఇంకో లెక్క, రకాన్ని బట్టీ పక్వాన్ని బట్టీ మారుతుంది. తక్కువ లెక్కే వేసుకున్నా 40 గ్రాముల కాయలో 100 మిల్లీగ్రాములు వస్తుంది. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) రోజుకి మగవాళ్ళకి 80, ఆడవాళ్ళకి 65 చాలంటోంది. అంటే ఒక్క కాయతో ఆ రోజుకి సరి. ఇక్కడ కొనేటప్పుడు 'బెట్టద నెల్లికాయి' అని అడగండి, వట్టి నెల్లికాయి అంటే ఒక్కోసారి చిన్న ఉసిరి చేతిలో పెడతారు. కాయ మీద సన్నగా ఆరు గీతలుంటాయి. వాటి వెంట కత్తి దించి బొటనవేలితో నొక్కితే తొన విడిపోతుంది. ఉప్పూ కారం అద్దుకుని తిన్నాక మంచినీళ్ళు తాగితే నోరంతా తియ్యగా అయిపోతుంది. (ఆదివారం, రాత్రిపూట ఉసిరి తినకూడదని మా అమ్మ. నేను వినను, ఆవిడ చూడకుండా తింటాను.) మురబ్బాకి మాత్రం నా ఓటు లేదు, అందులో పాకమే ఎక్కువ.

గ్రీన్ టీ చెడ్డదని కాదు. పంచదార టీ మానేసి దానికి మారితే అదే పెద్ద లాభం. చిక్కల్లా ఎప్పుడు తాగుతున్నామన్నదే. పోయినేడాది అమ్మ హిందూపురం నుంచి వచ్చినప్పుడు హిమోగ్లోబిన్ 9.2. ఐరన్ మాత్రలు రాశారు. రెండు నెలలైనా అంకె కదల్లేదు, మాకు ఒకటే టెన్షన్. చివరికి డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఇది: 'అన్నం తిన్నాక ఏం తాగుతారు?' బరువు తగ్గుతుందని మేమే ఆవిడకి భోజనం అవ్వగానే గ్రీన్ టీ అలవాటు చేశాం! టీలోని పాలీఫినాల్స్ ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుముని పేగుల్లోనే పట్టేసుకుంటాయట, ఒంటికి అందనివ్వవు. సి విటమిన్ దానికి సరిగ్గా వ్యతిరేకం, ఇనుము ఒంటబట్టేలా చేస్తుంది, పప్పులో నిమ్మకాయ పిండినా అదే పని. టీని సాయంత్రానికి జరిపాం, మధ్యాహ్నం కంచంలోకి ఉసిరి పచ్చడి వచ్చింది. మూడు నెలలకి 11 దాటింది. మాత్రల వల్ల ఎంత, పచ్చడి వల్ల ఎంత అని విడదీసి చెప్పలేను గానీ, రక్తం తక్కువున్న వాళ్ళింట్లో మాత్రం నా తీర్పు ఇదే: టీ భోజనానికి ఓ గంట దూరంలో ఉండాలి.

పసుపు క్యాప్సూల్ ఆయన దగ్గర గట్టి పాయింటే ఉంది, అదీ మన బెంగళూరుదే. 1998లో ఇక్కడి సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు మనుషులకి పసుపులోని అసలు పదార్థం కర్క్యుమిన్ 2 గ్రాములు ఇచ్చి చూస్తే రక్తంలో దాదాపు కనబడలేదు, దానికి మిరియాల్లోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే ఒంటికి పట్టడం 2000 శాతం పెరిగింది. అందుకే ఇప్పుడు చాలా క్యాప్సూల్స్‌లో పైపరిన్ కలుపుతున్నారు. అయితే ఆ పైపరిన్ కొన్ని మందులు ఒంట్లో విరగకుండా కూడా ఆపుతుంది, వాటి మోతాదు రక్తంలో పెరిగిపోవచ్చు. అమెరికాలో పసుపు సప్లిమెంట్లతో కాలేయం దెబ్బతిన్న కేసులున్నాయి, వాటిలో కొన్ని పైపరిన్ కలిపినవే. కూరలో వేసే చిటికెడు పసుపులో కర్క్యుమిన్ 3 శాతమో ఎంతో, దాంతో ఏ భయమూ లేదు. గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ మాత్రలదీ ఇదే కథ: కప్పులో తాగితే ఫరవాలేదు, మాత్రల్లో ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్యమైన పాలీఫినాల్) రోజుకి 800 మిల్లీగ్రాములకి చేరితే కాలేయం ఎంజైములు పెరుగుతున్నాయని 2018లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది.

'మొక్కల్లోదే కదా, మాత్ర చేస్తే ఏమైంది' అనేవాళ్ళకి నేను ఫిన్లాండ్ సంగతి చెబుతాను. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ని పొగతాగే మగవాళ్ళకి మాత్రగా ఇచ్చారు, మొత్తం 29 వేల మందితో పరీక్ష. 1994లో ఫలితం చూస్తే, ఆ మాత్ర మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ!

కాబట్టి నా వరుస: ఉసిరి, తర్వాత వేళ చూసుకుని తాగే టీ, క్యాప్సూల్ ఆఖరు, అదీ మీరు వేరే మందులు వాడుతుంటే డాక్టర్ని అడిగాకే. క్యాప్సూల్ ఆయనకి బీపీ మాత్రలున్నాయని మొన్ననే తెలిసింది, ఇద్దరం పట్టుబట్టి అడిగి రమ్మని పంపాం. టీ ఆయన మాత్రం వదలడు. 'ఎండాకాలంలో ఉసిరి దొరకదుగా, అప్పుడేం చేస్తావ్?' అంటాడు. అప్పుడు నేను పార్టీ మారతానండీ, జామకాయలోకి. వంద గ్రాముల్లో 200 మిల్లీగ్రాములకి అటూ ఇటూ సి విటమిన్ ఉంటుంది, ఉప్పూ కారం ఎలాగూ ఇంట్లోనే ఉన్నాయి.