నాలుగేళ్లుగా విడవని అతుకు: మోడల్ బోటు డ్రైవ్ కేబుల్‌కు వెండి కలిసిన తగరం

విజయనగరం దగ్గర మా ఊరి చెరువులో నేను నడిపే రెండు మోడల్ బోట్లకు, డ్రైవ్ కేబుల్‌ను (మోటారు తిరుగుడును అందించే, ఉక్కు తీగలు పేనిన తాడును) ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో కలిపే అతుకులన్నీ నాలుగేళ్లుగా స్టే-బ్రైట్ అనే సోల్డర్‌తోనే (కరిగించి అతికే లోహపు తీగ) వేస్తున్నాను. ఇందులో తగరం 96 శాతం, వెండి 4 శాతం. 221 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది కరుగుతుంది. ఈ పనికి దాని గొప్పతనమంతా ఆ వేడి తక్కువ కావడంలోనే ఉంది.

ఈ సంగతి నాకు ఒక కేబుల్ పోగొట్టుకున్నాకే తెలిసింది. మొదట్లో వెండి టంకమైతే గట్టిగా నిలుస్తుందనుకొని, పట్టణంలో ఒక కంసాలి చేత వెలిగారం వేయించి, ఎర్రగా కాల్పించి అతికించాను. అతుకు చెక్కుచెదరలేదు గాని, దాన్ని ఆనుకొని ఉన్న కేబుల్ మెత్తబడి, మూడోసారి బోటు దింపగానే మెలిపడి తెగిపోయింది. ఉక్కు తీగల పదును అంత వేడికి దిగిపోతుంది. కాల్చమని అడిగింది నేనే గనుక ఆయన తప్పేమీ లేదు.

తగరం పట్టడమన్నది శుభ్రత మీదే ఆధారపడి ఉంది. కొత్త కేబుల్ పొరల మధ్య నూనె దాగి ఉంటుంది కాబట్టి, దాన్ని అసిటోన్‌లో ముంచి, పురి వదులయ్యే వైపు వేళ్లతో తిప్పుతూ, నల్లటి జిడ్డు రావడం ఆగేదాకా కడుగుతాను. జిడ్డు మిగిలితే తగరం ముత్యంలా ఉండకట్టి పైనే నిలిచిపోతుంది. కోయవలసిన చోట కూడా ముందు తగరం పట్టించాకే కోయాలి, లేకపోతే తీగలు చీపురులా విచ్చుకుంటాయి.

మంట చూపవలసింది షాఫ్ట్‌కే. ఫ్లక్స్ (తగరం పట్టేందుకు ముందుగా పూసే రసాయనం) బుసబుస పొంగి సద్దుమణిగాక సోల్డర్ తీగను అంచుకు తాకిస్తే, అది మెరుస్తూ తనంతట తానే లోపలికి దిగుతుంది. కేబుల్ కొస దూర్చే షాఫ్ట్ రంధ్రం అవతలివైపు మూసి ఉంటే లోపలి గాలి తగరాన్ని వెనక్కు నెడుతుంది గనుక, అడుగున ఒక మిల్లీమీటరు బెజ్జం వేస్తున్నాను.

ఇబ్బంది ఫ్లక్స్‌తోనే. జింక్ క్లోరైడ్ ఉన్నది కావడంతో, వంటసోడా నీళ్లతో కడిగి, ఆరబెట్టి, గ్రీజు పూయకపోతే మన వానాకాలపు తేమకు రెండు రోజుల్లోనే తుప్పు కనబడుతుంది.

గత నెలలో అరిగిపోయిన ఒక షాఫ్ట్‌ను నిలువునా కోసి చూశాను. అది బెజ్జం వేయడం మొదలుపెట్టక ముందు చేసిన అతుకు. తగరం తీగల సందుల్లోకంతా పాకింది గాని, అడుగున గుండుసూది తలంత ఖాళీ మిగిలి ఉంది.