బెర్‌ట్రామ్ 31 బోటు: ఏళ్ల వాడకం తర్వాత, మరమ్మతులు మిగిలుండగానే అమ్మేవాళ్ల కోసం

బెర్‌ట్రామ్ 31 అనే ఈ గాలం వేట మోటారు బోటుకు ఎదురు అలల్లో ఇప్పటికీ వంక పెట్టలేం. 1960 మయామీ–నసావు మోటారు బోట్ల పందెంలో రే హంట్ అనే డిజైనర్ గీసిన 'మాపీ' అనే చెక్క బోటు గెలిచింది. దాని ఆకారమే తర్వాత ఫైబర్‌గ్లాస్‌లో బెర్‌ట్రామ్ 31 అయింది. అడుగు వెనక అంచు దాకా లోతైన V ఆకారంలో, సుమారు 23–24 డిగ్రీల వాలుతో ఉండటంతో అల మీద దబ్బున పడదు, కోసుకుంటూ దిగుతుంది. అదే వాలు వల్ల ఇంజన్లు ఆపి గాలం వేస్తే ఉయ్యాలలా ఊగుతుంది, కొత్తవాళ్ల కడుపులో తిప్పుతుంది. పక్కగాలికి తుంపర ఒళ్లంతా తడుపుతుంది. పాత పెట్రోల్ ఇంజన్లు రెండూ కలిసి మైలుకు సుమారు ఒక గ్యాలన్ తాగుతాయి. ఇవన్నీ కొనేవాడికి ముందే తెలుసు, దాచి లాభం లేదు.

అతను డబ్బు పెట్టేది ఆ హల్ (బోటు దేహం) మీద. కాబట్టి అమ్మేముందు రంగు వేయించడం దండగ. పైగా కొత్త రంగు చూడగానే 'పైన పటారం లోన లొటారం' అన్న అనుమానమే ముందు పుడుతుంది. ఆ డబ్బు శుభ్రం చేయించడానికీ, బిల్జ్ (బోటు అడుగున నీళ్లు చేరే చోటు) ఆరబెట్టడానికీ, ఇంజన్ ఆడించడానికీ పెట్టండి.

సర్వేయర్ (కొనేవాడి తరఫున బోటు తనిఖీ చేసేవాడు) మొదట చూసేది చెమ్మ. ఇంత పాత బోట్లలో ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య చెక్క ఉన్నచోటల్లా, అంటే డెక్, బల్క్‌హెడ్ల (లోపలి అడ్డగోడల) అడుగు, స్ట్రింగర్లు (అడుగున పొడవునా ఉండే దూలాలు), స్క్రూ దిగిన ప్రతి రంధ్రమూ అనుమానించాల్సిందే. ప్లాస్టిక్ తల సుత్తితో అరచేయి వెడల్పు దూరంలో తడుతూ పోండి. గట్టిగా 'టక్' అంటే బాగున్నట్టు, 'దబ్' అని మొద్దుగా పలికితే లోపల పొర విడిపోయినట్టు. ఇంజన్ మౌంట్ బోల్టుల చుట్టూ గోధుమరంగు నీళ్లు కారిన గుర్తుంటే స్ట్రింగర్ లోపలి చెక్క కుళ్లిందనే అనుకోవాలి. నీళ్లలోంచి తీసిన రోజే చెమ్మ మీటరు పెట్టొద్దు. అడుగున మిగిలిన తడికి అది తప్పుడు అంకె చూపిస్తుంది. కొన్ని రోజులు గట్టున ఆరనిచ్చి చూడండి. దెబ్బతిన్న చోట్లను సుద్దతో గుర్తుపెట్టి అలాగే ఫొటో తీసి పంపండి. అతుకులు వేసి దాచిన కుళ్లు సర్వేలో బయటపడితే, ధరలోంచి మరమ్మతు ఖర్చుకన్నా ఎక్కువే కోసేస్తారు.

ఫైబర్‌గ్లాస్ పెట్రోల్ ట్యాంకు ఉంటే ముందే చెప్పేయాలి. ఆ ట్యాంకులోని పాత పాలియెస్టర్ రెసిన్‌ని పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ కరిగిస్తుంది. ఆ జిగురు ఇంజన్లోకి చేరి ఇన్‌టేక్ వాల్వుల మీద నల్లగా పేరుకుంటుంది, వాల్వులు ఇరుక్కుని పుష్‌రాడ్లు (వాల్వులను నెట్టే కడ్డీలు) వంగుతాయి. ఫిల్టరు మారిస్తే ఆగే జబ్బు కాదు, ట్యాంకే మార్చాలి. అల్యూమినియం ట్యాంకు అయినా దాని చుట్టూ ఫోమ్ నింపి ఉంటే, ఆ ఫోమ్ పట్టిన ఉప్పునీళ్లు లోహాన్ని అడుగు నుంచి తినేస్తాయి.

ఇంజన్లు పనిచేసే స్థితిలో ఉంటే, ముందు బ్లోయర్ (ఇంజన్ గదిలోని పెట్రోల్ ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్) నాలుగు నిమిషాలు తిప్పి, పెట్రోల్ వాసన లేదని చూశాకే స్టార్ట్ చేసి వీడియో తీయండి. కంప్రెషన్ పరీక్షకు (సిలిండర్ల ఒత్తిడి కొలవడానికి) స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఇగ్నిషన్ కట్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరవాలి. సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపుంటే నిశ్చింత. ఒక్కటే బాగా తగ్గితే పొగ బయటికి పోయే మ్యానిఫోల్డ్, రైజర్ల లోంచి ఉప్పునీరు దిగిందేమో చూడండి. బిగుసుకుపోయిన ఇంజన్‌ని 'చిన్న పనుంది' అని ప్రకటనలో రాయకండి. ఇంజన్లు లేని బోటు ధరకే పెట్టండి. డీజిల్ వేయించుకునేవాళ్లే ఎక్కువగా వస్తారు, వాళ్లకు మీ పాత ఇంజన్ ఎలాగూ అక్కర్లేదు.

అమెరికాలో బేరం ఎక్కువగా తెగిపోయేది కాగితాల దగ్గరే. 1972 నవంబర్ 1 నుంచి తయారైన బోట్లకు వెనక గోడ కుడివైపు పైన 12 అక్షరాల హల్ నంబరు ఉంటుంది. అంతకు ముందువాటికి తయారీదారు సీరియల్ నంబరే దిక్కు. ఏ నంబరైనా రాష్ట్రం ఇచ్చిన టైటిల్లో (యాజమాన్య పత్రంలో) ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. కోస్ట్‌గార్డ్ దగ్గర డాక్యుమెంటేషన్ (ఫెడరల్ నమోదు) ఉంటే, ఎప్పుడో తీరిపోయిన అప్పు అక్కడ ఇంకా నమోదై ఉందేమో కనుక్కోండి. దాన్ని తీయించడానికి వారాలు పట్టొచ్చు.

రవాణా సంగతి ప్రకటనలోనే రాయండి. వెడల్పు 11 అడుగుల 2 అంగుళాలు. అమెరికా రోడ్ల మీద మామూలు హద్దు 8 అడుగుల 6 అంగుళాలు. దాటితే ప్రతి రాష్ట్రంలోనూ వేరే పర్మిట్ కావాలి, ఫ్లైబ్రిడ్జ్ (పైకప్పు మీద బోటు నడిపే చోటు) విప్పాల్సి రావచ్చు. దూరం నుంచి కొనేవాడికి ఖర్చు తడిసి మోపెడయ్యేది ఇక్కడే.

ఇంకొకటి, ఊడదీసిన పాత కిటికీ ఫ్రేములు, ఇంజన్ పెట్టెల మూతలు, కంచు క్లీట్లు (తాళ్లు కట్టే కొక్కేలు) పారేయొద్దు. అన్నీ ఒక డబ్బాలో వేసి, దేనికి దేనిదో చీటీ అంటించి బోటుతోపాటే ఇవ్వండి. బజారులో వాటికి దొరికే చిల్లర కన్నా, బోటు ధరలో అవి నిలబెట్టేదే ఎక్కువ.