అల్లుడిగారి ఏడాది పుస్తకం

"అక్కా, బావది ఏ దేశమని రాయాలి?"

రాత్రి పదకొండు దాటింది. అనంతపురంలో మా ఇంటి వంటగదిలో తమ్ముడు లాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. విదేశీయులు ఎక్కడ బస చేసినా, అది హోటలైనా అత్తగారి ఇల్లైనా, బస ఇచ్చినవారు 24 గంటల్లోగా సి ఫారం అని పిలిచే పత్రం నింపి ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి తెలపాలి. వాడి చేతిలో ఉన్న పుస్తకం శరణార్థి ప్రయాణ పత్రం, అమెరికా ప్రభుత్వం ఇచ్చినదే. కానీ అది మావారిని అమెరికా పౌరుడిని చేయదు. ఆయన పుట్టింది తూర్పు ఆఫ్రికాలోని ఎరిట్రియాలో. ఆ దేశపు పాస్‌పోర్టు ఆయన దగ్గర లేదు, తీసుకోరు కూడా.

"ఎరిట్రియా అనే రాయి. పుస్తకం ఇచ్చిన దేశం దగ్గర మాత్రం అమెరికా."

"రెండు దేశాలా?" అన్నాడు వాడు. నిజానికి ఒకటీ లేకపోవడమే చిక్కు.

ఎరిట్రియాలో నిర్బంధ సైనిక సేవకు ఆచరణలో గడువంటూ ఉండదు. ఏళ్లకేళ్లు సాగుతుంది. దాన్నుంచి తప్పించుకుని పక్కనున్న ఇథియోపియాలోని శరణార్థి శిబిరానికి చేరినవారిలో మావారూ ఒకరు. అలా వెళ్లిపోయినవారు పాస్‌పోర్టు కోసం ఎరిట్రియా రాయబార కార్యాలయానికి పోతే, తప్పు చేశామని సంతకం పెట్టి, ఆదాయంలో రెండు శాతం పన్ను కట్టమంటారు. పైగా పారిపోయి వచ్చిన దేశం పాస్‌పోర్టే వాడితే అమెరికాలో శరణార్థి హోదాకే ఎసరు వస్తుంది. గ్రీన్ కార్డు చేతికొచ్చినా బయటి దేశాల గడప తొక్కడానికి అది చాలదు. అందుకే ఈ శరణార్థి ప్రయాణ పత్రం. 1951 నాటి శరణార్థుల ఒప్పందం 28వ అధికరణంలో దీని మూలం ఉంది. భారతదేశం ఆ ఒప్పందంలో చేరలేదు కానీ, ఈ పత్రంపై వీసా ఇస్తుంది.

ఇలాంటి ప్రయాణం తలపెట్టేవారు ముందు క్యాలెండరు తీయాలి, టికెట్లు కాదు. ఈ పుస్తకానికి ఆయుష్షు ఒక్క ఏడాది. పొడిగించడం ఉండదు, అయిపోతే కొత్తది తీసుకోవాల్సిందే. దరఖాస్తు మామూలుగా అమెరికాలో ఉండగానే పెట్టాలి. మేము కట్టిన రుసుము 165 డాలర్లు, చేతికి రావడానికి నెలలు పట్టింది. ఇక భారత వీసాకేమో పత్రానికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పన్నెండులోంచి ఆరు తీసేయండి, వీసా కోసం పోయే వారాలు తీసేయండి. చేతికి నాలుగైదు నెలలు దక్కితే గొప్ప. మా పెళ్లికి రాలేకపోయిన అమ్మమ్మను చూపించాలని రెండేళ్లుగా అనుకుంటూ, సంక్రాంతికి తప్పితే ఉగాదికి అని జరుపుకుంటూ పోయింది ఈ లెక్క వల్లే.

ఇంట్లో కూర్చుని తీసుకునే ఈ-వీసా వీరికి లేదు. అది పాస్‌పోర్టు ఉన్నవారికే. వీసా కేంద్రం ద్వారా స్టిక్కరు వీసా కోసం పోవాలి. మా కాగితాలు మొదటిసారి తిరిగొచ్చాయి. పాస్‌పోర్టు నకలు లేదని రాశారు. లేకపోవడం వల్లే కదా ఈ పుస్తకం అని వివరిస్తూ ఒక లేఖ జతచేశాం. రెండోసారి పని జరిగింది. ఆ లేఖ నకళ్లు నాలుగు దారి పొడవునా దగ్గర పెట్టుకున్నాం. విమాన టికెట్ మీద రూపాయి ఆదా కన్నా ఆ నకళ్లే ఎక్కువ పనికొచ్చాయి.

డాలస్ విమానాశ్రయంలో కౌంటరు అమ్మాయి పుస్తకం అటూ ఇటూ తిప్పి పై అధికారిని పిలిచింది. ఆయన కంప్యూటర్లో నిబంధనలు చదివి, వీసా పేజీ చూసి, బోర్డింగ్ పాసులు ఇచ్చేసరికి నలభై నిమిషాలు. నాలుగు గంటల ముందే వెళ్లాం కనుక సరిపోయింది. దారిలో గల్ఫ్‌లో విమానం మారాం. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, సామాను నేరుగా బెంగళూరుకే వచ్చేలా తీసుకున్నాం, మధ్యలో విమానాశ్రయం దాటి బయటికి రావాల్సిన అవసరం లేకుండా. వందో రెండొందలో డాలర్లు మిగులుతాయని వేరువేరు టికెట్లు కొంటే, సామాను కోసం బయటికి రావడానికి మరో వీసా వెతుక్కోవాల్సి రావచ్చు. బెంగళూరులో ఇమిగ్రేషన్ అధికారి కూడా పైవారిని పిలిచారు. ఆ వచ్చినాయన "ఎక్కడికి?" అని ఒక్క ప్రశ్న వేశారు. "అనంతపురం, అత్తగారింటికి" అన్నారు మావారు, నేను నేర్పిన తెలుగులో. ముద్ర పడింది.

బెంగళూరులో దిగి అనంతపురం చేరడం చాలా సుఖం. విమానాశ్రయం దేవనహళ్లి వైపు ఉండడంతో ఊరి రద్దీలోకి పోకుండానే జాతీయ రహదారి ఎక్కేస్తాం. మూడు గంటల దారి. పెనుకొండ దాటాక పొలం గట్టు మీద నాగజెముడు కనబడి మావారు కారు ఆపించారు. ఎరిట్రియా రాజధాని అస్మారా వీధుల్లో వేసవి వస్తే పిల్లలు ఆ పండ్లు ముళ్లు తీసి అమ్ముతారట. బెలెస్ అంటారట. మేము కంచెగా తప్ప దేనికీ లెక్కచేయని మొక్క ముందు ఆయన ఫొటో దిగారు. డ్రైవరు నావైపు అదోలా చూశాడు.

అనంతపురంలో ఇల్లే మా బస. ఉగ్గాణి, బజ్జీ, ఓళిగలు, రాగి సంగటి ఒకటి తర్వాత ఒకటి. కొత్త అల్లుడికి జరిగే మర్యాదలకు దేశంతో పని లేదు. ఫోను సిమ్ మాత్రం దొరకలేదు. రెండు దుకాణాల్లో పుస్తకం చూసి తల అడ్డంగా ఊపారు. చివరికి అమ్మ పాత నంబరుతో కాలం గడిపాం.

పుట్టపర్తికి బత్తలపల్లి మీదుగా వెళ్లాం, కావాలనే. స్పెయిన్ నుంచి వచ్చి ఇక్కడి పేదల కోసం పనిచేసిన విన్సెంట్ ఫెర్రర్ సమాధి అక్కడుంది. దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు అందుకుని, మళ్లీ తిరిగి వచ్చిన ఆయనకు చోటిచ్చింది కరువు జిల్లా అనంతపురమే. 1969లో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఇక్కడే మొదలైంది. మావారు అక్కడ చాలాసేపు నిలబడ్డారు. నేను తొందరపెట్టలేదు.

బసల విషయంలో నా మొదటి మార్కు పుట్టపర్తికే. మేము దిగిన చిన్న లాడ్జిలో గుమాస్తా పుస్తకం తెరిచి నేరుగా వీసా పేజీకి పోయాడు. "జర్మనీ నుంచి వచ్చిన ఇరాన్ ఆయన ఇలాంటిదే తెచ్చాడమ్మా, అది నీలిరంగు" అన్నాడు. ఏడు నిమిషాల్లో తాళం చేతికిచ్చాడు. గదిలో దోమలున్నాయి, వేడినీళ్లు పొద్దున ఏడింటికే అయిపోయాయి. అయినా మళ్లీ అక్కడికే పోతాను. దశాబ్దాలుగా విదేశీయులను చూసిన ఊరికి కాగితం చదవడం వచ్చు.

కడపలో ఆ తేలిక దొరకలేదు. కొత్తగా, తళతళలాడుతున్న హోటల్లో "ఫారినర్లకు గదులు ఇవ్వమండి" అన్నారు. రెండోచోట ఆధార్ అడిగారు. లేదంటే పాన్ కార్డు అడిగారు. మూడోచోట మేనేజరు గది ఇచ్చాడు కానీ సి ఫారం నింపడం తెలియదన్నాడు. తమ్ముడికి ఫోను చేసి, వాడు చెబుతుంటే పక్కన కూర్చుని నింపించాను. అద్దె మాత్రం ఏమీ తగ్గించలేదు. ముందే ఫోను చేసి "విదేశీయుడికి సి ఫారం నింపుతారా?" అని అడగాల్సింది. ఆ తెలివి ఆలస్యంగా వచ్చింది. మర్నాడు తిన్న కారం దోశె ఆ కోపాన్ని చాలావరకు దించింది. ఎర్రకారం చూసి మావారు బెర్బెరే అన్నారు, అది వాళ్ల మసాలా. పులిసిన పిండితో వేసే వాళ్ల ఇంజెరా కన్నా దోశె పలుచన, కరకర ఎక్కువ అని తేల్చారు.

గండికోటకు వచ్చేవారు ఒక రాత్రి ఉండాలి. లోయ దగ్గరి బసలో భోజనం నాసిగా ఉంది కానీ, పొద్దున ఆరింటికి పెన్నా అంచున నిలబడితే అదేదీ గుర్తుండదు. అస్మారా నుంచి మస్సావా రేవుకు దిగే కనుమ దారి ఇలాగే ఉంటుందట. కోటలో రంగనాథుడి గుడి, మాధవరాయ ఆలయం, జామియా మసీదు దగ్గరదగ్గరగా ఉండడం కూడా ఆయనకు కొత్తగా అనిపించలేదు. బెలుం గుహలు ఒక పూట పని. పాతాళగంగ దాకా, అంటే 46 మీటర్ల లోతుకు దిగితే చొక్కా పిండుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు ఆలోచించుకోవాలి. అక్కడ టికెట్ కిటికీలో పుస్తకం అడగలేదు. "ఫారినరా?" అన్నారంతే.

తిరుగు ప్రయాణం రోజు అమ్మ మళ్లీ ఎప్పుడని అడిగింది. ఈ పుస్తకానికి అయిదు నెలలే మిగిలింది, అంటే దీనిమీద మరో వీసా రాదు. కొత్తది వచ్చేసరికి ఎంత కాలమో. పౌరసత్వానికి దరఖాస్తు చేసే అర్హత ఇంకో ఏడాదిన్నరకు. ఇవన్నీ అమ్మకు చెప్పలేదు. దసరాకు చూద్దాం అన్నాను. తమ్ముడు మాత్రం కారు ఎక్కేముందు నన్ను వంటగదిలోకి పిలిచి, గోడ మీది క్యాలెండరు తిప్పి చూపించాడు. వెనక పెన్సిలుతో సి ఫారం పాస్‌వర్డు రాసి పెట్టుకున్నాడు.